దారం పట్టింది ఎవరు?

ఇది నా ఇంట్లో జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. నా కళ్ళ మీద ఒట్టేద్దామంటే ఆ రాత్రి కళ్ళు చూసింది ఏమీ లేదు... చెవులు విన్నాయి, చెయ్యి తాకింది. అందుకని నా ఈ రెండు చేతుల మీద ఒట్టు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది.

మాది సిరిసిల్ల. మా ఆయన పేరు నర్సయ్య. సాంచాల మీద పని. కరెంటు మగ్గాలను మేం సాంచాలు అంటాం. ఒకనాడు పని చేస్తూ చేస్తూ సాంచా ముందే కూలబడ్డాడు. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. కొన్నాళ్ళకు కర్ర పట్టుకుని దొడ్డిదాకా నడిచాడు. కానీ చెయ్యి మాత్రం... దండెం మీద తడి గుడ్డలా వేలాడేది. ముట్టుకుంటే చల్లగా. ఎండాకాలంలో కూడా చల్లగానే.

అప్పుడు వచ్చింది లలిత. కోరుట్ల పిల్ల. హైదరాబాదులో ఫిజియోథెరపీ పెద్ద చదువు చదువుతోంది. చదువు పూర్తి కావాలంటే ఒక పరిశోధన చేసి చూపించాలట. ఆ పిల్ల పట్టుకున్న సంగతి ఏమిటంటే... పక్షవాతం వచ్చిన నేత మనిషికి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే చెయ్యి వస్తుందా, చిన్నప్పటి నుంచి అలవాటైన పనే చేయిస్తే వస్తుందా అని. అందుకోసం సిరిసిల్లలో కొన్ని ఇళ్ళు ఎంచుకుంది. అందులో మాదొకటి.

“వదినా, మంచి చెయ్యి పని జేసినన్ని దినాలు పడ్డ చెయ్యి సోమరిగనే ఉంటది. పొద్దుగాల మంచి చేతిని గుడ్డతోని కట్టెయ్యి. దీపం వెట్టినంక ఇప్పు. నడుమ ఏం జేసినా పడ్డ చెయ్యే జెయ్యాలె” అంది.

“అన్నం గూడనా?” అన్నాను.

“అన్నం నువ్వు వెట్టు. బీడీ మాత్రం వెట్టకు.”

మా ఆయన మూతి వంకర పెట్టుకునే నవ్వాడు. “గీ పిల్ల డాక్టరా... పోలీసా? చేతులు గట్టేస్తాంది.”

అటక మీద మా అత్త కాలం నాటి రాట్నం ఉండేది. దాన్ని దింపించింది. చిన్నతనంలో ఆయన దాని మీదే కండెలు చుట్టేవాడు. కండె అంటే నాడెలో, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే దాంట్లో, పెట్టే దారపు చుట్ట. ఇక్కడ ఒక ముచ్చట మనసులో పెట్టుకోండి. కండె చుట్టాలంటే రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి రాట్నం పిడి తిప్పుతుంది. రెండో చెయ్యి దారాన్ని వేళ్ళ మధ్య పట్టి అటూ ఇటూ ఆడిస్తుంది. దారం పట్టే చెయ్యి లేకపోతే అంతా ఒక్కచోటే ముద్ద కడుతుంది. ఎంత పనితనం ఉన్నా ఒంటి చేత్తో కండె రాదు.

మా ఆయన కుడి చేతిని పేలికతో పిడికి కట్టి, పైన నా చెయ్యి వేసి తిప్పేదాన్ని. ఇంకో చేత్తో దారం పట్టేదాన్ని. పేరుకే ఆయన పని. రెండు చేతులూ నావే.

అలా చాలా రోజులు చేశాం. ఒక్క వేలు కదల్లేదు. లలిత వచ్చినప్పుడల్లా తన వేలు ఆయన అరచేతిలో పెట్టి “పట్టు అన్నా” అనేది. ఆ చెయ్యి వినేది కాదు. చివరికి ఒకసారి పోయేముందు నన్ను గడప దగ్గరికి పిలిచింది.

“ఇగ మళ్ళచ్చేసరికి గింతన్న మెదలకపోతే ఆపేద్దాం వదినా. పానం లేని చెయ్యికోసం మంచి చేతిని గట్టుడు... గది హింస.”

సాంచాల ఆసామి, అంటే యజమాని, ఆయన పనిని ఎవరికీ ఇవ్వకుండా ఉంచింది ఈ పిల్ల మాట మీదే. ఆపేస్తే చెయ్యీ పోయినట్టే, పనీ పోయినట్టే.

ఆ రాత్రి సంగతి చెప్పే ముందు ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. చీకటి పడితే రెండు భయాలు. అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చి అన్నం అడిగితే పెట్టకుండా ఉండలేం. పెడితే పొద్దున పోలీసులకు జవాబు చెప్పలేం. అందుకని ఊళ్ళో అందరికీ ఒకటే అలవాటు... జీపు చప్పుడు వినిపిస్తే దీపం ఊదేయడం, ఉన్నచోటనే పడుకోవడం. మెలకువగా ఉన్న ఇల్లంటే తప్పు చేసిన ఇల్లు.

మర్నాడు లలిత వస్తుందనగా, ముసురు పట్టిన రాత్రి. దీపం పెట్టి, ఆయన ఎడమచేతి కట్టు విప్పుదామని ముడి మీద గోరు పెట్టాను. జీపు... మా వాడలోకే వచ్చింది. దీపం ఊదేశాను. ఆయన్ను చాప మీదికి ఒరిగించి పక్కనే పడుకున్నాను. రాట్నం తీయలేదు. ఆయన కుడి పక్కన ఎక్కడిది అక్కడే. ముడి ముడిలాగే ఉండిపోయింది.

బయట బూట్లు. ఎవరి తలుపో కొట్టారు. “ఎవడన్న అచ్చిండా?” అని అడగడం వినిపించింది. చాలాసేపటికి జీపు పోయింది. నాకు అలాగే నిద్ర పట్టేసింది.

మాకు సాంచాల చప్పుడే జోల. చప్పుడుకు మెలకువ రాదు, చప్పుడు ఆగితే వస్తుంది. కరెంటు పోయినట్టుంది... ఊరంతా ఒక్కసారిగా మూగబోయింది. నాకు మెలకువ వచ్చింది.

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

రాట్నం.

మొదట నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఈ చప్పుడు బయటికి వినిపిస్తే మా గతేం కావాలి అని. తర్వాత... తర్వాత అర్థమైంది. తిప్పేది ఎవరు?

ఇంట్లో మేమిద్దరమే. నేను పడుకుని ఉన్నాను. పక్కకు చెయ్యి చాపాను. ఆయన ఉన్నాడు. ఊపిరి నిద్రలో ఉన్నట్టు నింపాదిగా ఉంది. ఎడమ చెయ్యి తడిమాను. గుడ్డ ఉంది. ముడి ఉంది.

కిర్ర్... కిర్ర్...

ఎవరైనా దొడ్డి తలుపు నుంచి వచ్చి దాక్కున్నారా? దాక్కున్నవాడు రాట్నం ఎందుకు తిప్పుతాడు? పిలుద్దామంటే బయట ఎవరు వింటారో. దీపం వెలిగిద్దామంటే వాడ అలవాటు వద్దంది.

ఇక ఆయన కుడి చెయ్యే మిగిలింది.

ఆయన ఛాతీ మీదుగా నా చెయ్యి మెల్లగా పోనిచ్చాను. భుజం దొరికింది. కింద మోచెయ్యి. చెయ్యి చాచి ఉంది... రాట్నం వైపు. నేను పండబెట్టినప్పుడు పొట్ట మీద పెట్టిన చెయ్యి అది. ఇంకాస్త కిందికి పోయాను. అప్పుడు తెలిసింది... చెయ్యి వెచ్చగా ఉంది.

ఎన్ని నెలలైందో ఆ చెయ్యి వెచ్చబడి! పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చెయ్యిలా ఉంది.

నా వేళ్ళు మణికట్టును తాకగానే తిప్పడం ఆగింది.

చక్రం మాత్రం ఇంకో చుట్టు తిరిగి... కిర్ర్ అని ఆగింది. రాట్నానికి అవతల చాప మీద ఏదో ఒరుసుకున్నట్టు చిన్న చప్పుడు... కూర్చున్న మనిషి లేస్తే వస్తుందే, అలాంటిది. అంతే. మళ్ళీ ముసురు చప్పుడే.

తెల్లారేదాకా ఆ మణికట్టు వదల్లేదు.

పొద్దున చూస్తే చెయ్యి ఎప్పటిలాగే వేలాడుతోంది. వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రాట్నం కదురు మీద మాత్రం నిండు కండె. బిగువు ఒక్కచోట కూడా తగ్గలేదు. దొడ్డి తలుపుకు అడ్డంగా పెట్టే కట్టె కింద పడి ఉంది. అది గాలికి కూడా పడుతుంది. అది కూడా చెబుతున్నాను, దాచడం దేనికి?

పక్కింటి లచ్చవ్వత్త కండె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “నిద్రల లేసి నువ్వే చుట్టినవేమోనే రాజవ్వా! నాకు మా మనుమడు కడుపుల ఉన్నప్పుడు నిద్రల నడిచే రోగముండె.”

“మనుమడు నీ కడుపుల ఎట్లుంటడత్తా?”

“గదే, నా బిడ్డ కడుపుల. నడిచింది నేను” అంది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

మా ఆయన్ను అడిగితే “పండుకున్న... నాకేమెరుక” అన్నాడు. మళ్ళీ తనే “దయ్యమే చుట్టితే మంచిదే. రోజు రమ్మను” అన్నాడు.

లలిత మధ్యాహ్నం దాటాక వచ్చింది. రుద్రంగి దగ్గర అన్నలు రోడ్డుకు అడ్డంగా చెట్టు పడేశారట, బస్సు ఆగిపోయింది. కాళ్ళు కడుక్కుని వచ్చి ఆయన ముందు కూర్చుంది. అరచేతిలో వేలు పెట్టింది. “పట్టు అన్నా.”

పట్టలేదు.

“ఇంకొక్కసారి... గట్టిగ.”

లేదు. ఆ పిల్ల తల దించుకుంది. అప్పుడు నేను రాత్రి సంగతంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“చెయ్యి మెదిలింది నువ్వు కండ్లార చూసినవా వదినా?”

నా నాలుక చివర ‘చూసిన’ అనే మాట ఉంది. అంటే చాలు, పని ఆగదు. కానీ ఏమో... అనలేకపోయాను. “చూడలె. ఇన్న. ముట్టుకున్న.”

“ముట్టుకున్నప్పుడు ఎట్లుండె?”

“ఎచ్చగుండె.”

“జరమచ్చినట్టా?”

“కాదు బిడ్డా. పనిజేసిన చెయ్యి లెక్క.”

లలిత కండెను వేలితో నొక్కి చూసింది. “రాత్రి ముచ్చట నేను చదువుల రాయలేను. ఎవలు నమ్మరు, నేను గూడ చూడలె. కని...” అంటూ లేచి, ఆయన ఎడమచేతి గుడ్డ సరిచేసి, తనే మళ్ళీ ముడి వేసింది. “గిప్పుడే ఆపకు వదినా.”

ఆపలేదు. వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆయన బొటనవేలు మెదిలింది. ఇది నేను కళ్ళారా చూశాను. తర్వాత రెండు వేళ్ళు. సాంచా నడిపే చెయ్యి మాత్రం కాలేదు. ఆసామి కొన్నాళ్ళు చూసి ఆ పని వేరే మనిషికి ఇచ్చాడు. కానీ పిడి పట్టి రాట్నం తిప్పేంత చెయ్యి వచ్చింది. ఆయన తిప్పేవాడు, నేను దారం పట్టేదాన్ని. అలా బతికాం. లలిత తన చదువులో ఏమి రాసిందో నాకు తెలియదు. మా ఆయన వేళ్ళు మెదిలినప్పుడు మాత్రం ఏడ్చింది.

ఆయన పోయే ముందటి ఏడు అనుకుంటాను. పగటిపూటే. ఇద్దరం కండెలు చుడుతున్నాం. నా చెయ్యి తడబడి దారం వదులైంది. ఆయన విసుక్కున్నాడు.

“గట్ల కాదే. జీపు అచ్చిన రాత్రి పట్టినట్టు పట్టు. గప్పుడు ఎంత మంచిగ పట్టినవు!”

నా చేతిలో దారం ఆగిపోయింది. “ఏ రాత్రి?”

“గదే... ముసురు రాత్రి. నా పక్కపొంటి కూసోని పట్టినవు గదా. నా చెయ్యి తిరుగుతుంటే కల అనుకున్న. పొద్దుగాల చెయ్యి లేవకపాయె. అందుకే ఎవలకు చెప్పలె.”

“ఏ పక్క కూసున్న?”

“కుడిపక్క. రాట్నం అవతల.”

నేను పడుకున్నది ఎడమ పక్క.

“మొఖం చూసినవా?”

“చీకట్ల మొఖమెక్కడిది? ఇంట్ల నువ్వు గాక ఎవలుంటరే!” అని నవ్వి, పిడి మీద చెయ్యి వేశాడు. “ఊఁ... పట్టు.”

పట్టాను. ఆయన తిప్పాడు. నేను కాదని ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నేనే నిద్రలో లేచి పట్టి, వచ్చి పడుకున్నానా... అని ఇప్పటికీ ఆలోచిస్తాను. అదే అయితే, ఆ చప్పుడు విన్నప్పుడు ఆయన పక్కన పడుకుని ఉన్నది ఎవరు?