పన్నెండు రోజులు తప్పని అలల అంచనా

2023 మే నెల. శామీర్‌పేట దాటాక అలియాబాద్‌లో, మేడ మీద ఒక గది. కిటికీ తీస్తే కరీంనగర్ రోడ్డు మీద లారీలు కనిపిస్తాయి, అంతకు మించి చూడవలసినదేమీ లేదు. ఆ గదిలో కూర్చుని నేను సముద్రం గురించి రాసేదాన్ని. విశాఖపట్నానికి అవతల ఉన్న ఒక బీచ్‌లో రేపు పొద్దున అలలు ఎలా ఉంటాయి, గాలి ఎటు నుంచి వీస్తుంది, కొత్తగా సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు బోర్డు పట్టుకుని నీళ్లలోకి దిగవచ్చా, దిగకూడదా. ఇదే నా ఉద్యోగం. ఒక చిన్న ప్రైవేటు వాతావరణ సంస్థ నన్ను ఇందుకే పెట్టుకుంది. ఆ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పే స్కూలు మా ఖాతాదారు.

మా ఇంటి ఓనరు యాదమ్మక్కకు ఈ సంగతి ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు.

"గీడ సెరువు దప్ప ఏమున్నది? సముద్రం మొకం జూడకుంట సముద్రం సంగతి ఎట్ల జెప్తవ్ స్వరూపా?" అనేది.

"జాతకాలు జెప్పెటోళ్లు సుక్కల మీదికి పోయొచ్చి జెప్తున్నరా అక్కా?" అని నోరు మూయించేదాన్ని.

ఆమె నోరు మూతపడేది కానీ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ బీచ్‌ను అప్పటికి నేను ఒక్కసారి కూడా చూడలేదు. మ్యాపులో, ఉపగ్రహం తీసిన ఫొటోల్లో చూశాను. అది చూసినట్టు కాదని నాకూ తెలుసు.

మా భాషలో ఆ చోటును బీచ్ బ్రేక్ అంటారు. అలలు బండల మీద కాకుండా ఇసుక దిబ్బల మీద విరిగే చోటు అన్నమాట. ఇసుక ఒకచోట నిలవదు, అందుకని నిన్న అల విరిగిన చోటే ఇవాళ కూడా విరుగుతుందన్న భరోసా లేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అల ఎత్తు ఎంతని అడుగుతారు. అడగవలసింది పీరియడ్ ఎంతని. ఒక అల విరిగాక రెండో అల విరిగేదాకా పట్టే సెకన్లనే పీరియడ్ అంటాం. ఏడెనిమిది సెకన్లయితే అది దగ్గరి గాలికి పుట్టిన అల, దాని బలం పైపైనే. పదిహేను దాటిందంటే ఎక్కడో దక్షిణాన, మన కంటికీ ఊహకూ అందనంత దూరంలో లేచిన తుఫాను నుంచి నడిచి వచ్చిన అల. అది చూడటానికి మోకాలెత్తే ఉండవచ్చు. కానీ అడుగునున్న నీళ్లను కూడా కదిలిస్తుంది, పైగా గుంపుగా వస్తుంది. ఐదారు నిమిషాలు సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. తర్వాత నాలుగైదు అలలు వరుసగా వచ్చి, ఒడ్డున నిలబడ్డవాళ్ల కాళ్లు లాగేసి లోపలికి తీసుకుపోతాయి. ఈత రానివాళ్లకు దీనికంటే మోసకారి సముద్రం ఉండదు.

కంప్యూటర్ మోడల్ ఈ లెక్కలన్నీ ఇస్తుంది. కానీ ఆ బీచ్ విషయంలో మా మోడల్‌కు ఒక జబ్బు ఉండేది. పెద్ద పీరియడ్ అల వస్తోందని ఊరికే అరిచేది, చాలాసార్లు అది వచ్చేది కాదు. అందుకే ఒడ్డున ఒక మనిషిని పెట్టుకున్నాం. పేరు సింహాద్రి. అరవై దాటిన మత్స్యకారుడు, ఇల్లు ఆ ఇసుక అంచునే. రోజూ పొద్దున ఐదుంబావుకు నేను ఫోన్ చేస్తే, ఆయన నీళ్ల ముందు నిలబడి అలకూ అలకూ మధ్య పైకి అంకెలు లెక్కపెట్టేవాడు. "ఒకటి... రెండు... మూడు..." అని ఆయన లెక్కపెడుతుంటే వెనకాల అల విరిగే చప్పుడు నా చెవిలో పడేది. నేను చూడని సముద్రం నాకు అంతమటుకు దక్కేది. ఆయన చెప్పినదాన్ని బట్టి మోడల్ అంకెలను సరిదిద్ది, ఐదూ నలభై ఐదుకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి పెట్టి స్కూలుకు బులెటిన్ పంపేదాన్ని. ఆకుపచ్చ అంటే కొత్తవాళ్లు దిగవచ్చు, ఎరుపు అంటే ఎవరూ దిగకూడదు.

రెండేళ్లలో మోడల్‌కూ ఆయనకూ తేడా వచ్చిన ప్రతిసారీ ఆయనే గెలిచాడు. ఫోన్‌లో పని రెండు నిమిషాలు, కబుర్లు పది నిమిషాలు. నిన్న వలలో ఏం పడింది, ఏం వండుకున్నాడు, నాకు దగ్గు తగ్గిందా లేదా. అమ్మ పోయి అప్పటికి ఏడాదైంది. పెళ్లి కుదరలేదని అందరితో చెప్పేదాన్ని గాని, కుదరనివ్వలేదన్నదే నిజం. రోజూ నాతో మాట్లాడే మొదటి మనిషి సింహాద్రి. చాలా రోజులు ఆయనే చివరి మనిషి కూడా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ తర్వాత జరిగినదానికంతా మూలం అక్కడే ఉంది.

మే నెలలో నా రిజిస్టరులో ఒక వింత జరిగింది. ముందు రోజు సాయంత్రం నేను రాసి స్కూలుకూ సింహాద్రికీ పంపిన అంచనా, మర్నాడు పొద్దున ఆయన చెప్పిన కొలత, ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటాను. పన్నెండు రోజులు వరుసగా అవి అచ్చం ఒకటే. నేను అల నడుం ఎత్తని రాస్తే ఆయనా నడుం ఎత్తనేవాడు. నేను ఎనిమిది సెకన్లని రాస్తే ఆయనకూ ఎనిమిదే వచ్చేది. తప్పు సున్నా. "ఏంది స్వరూపా, మస్తు కొడ్తున్నవ్!" అన్నారు మా మేనేజర్. నేను ఉబ్బిపోయాను. సముద్రం ఎవరి మాటా పన్నెండు రోజులు వినదని ఈ రంగంలో నిన్న చేరిన వాళ్లకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు, ఎందుకంటే తెలుసుకోవాలని లేదు.

ఆ రోజుల్లో ఫోన్‌లో అల చప్పుడు కూడా వినిపించేది కాదు. ఒకసారి అడిగాను. "గాలి ఊరివైపు నుంచి కదమ్మా, సప్పుడు అటే పోతాది" అన్నాడు. అంతేనేమో అనుకున్నాను.

పదమూడో రోజు శనివారం. వేసవి సెలవుల బ్యాచ్, తొమ్మిది పదేళ్ల పిల్లలు పద్నాలుగు మంది, మొదటిసారి నీళ్లలోకి దిగుతున్నారు. మోడల్ పదహారు సెకన్లు చూపిస్తోంది. ఎప్పటిలాగే ఊరికే అరుస్తోందని, ముందు రోజు సాయంత్రం నేను దాన్ని తొమ్మిదికి దించి రాశాను. ఐదుంబావుకు ఫోన్ చేశాను.

"తొమ్మిది అంకెలమ్మా. మోకాలు పైకి, నడుం కిందకి. పిల్లలకి బంగారంలా ఉంది" అన్నాడు సింహాద్రి.

ఆ మాట పూర్తవుతుండగా ఆయన వెనకాల ఎవరో గొంతెత్తి అరిచారు. "రాంపల్లి, ఈసీఐఎల్! రాంపల్లి, ఈసీఐఎల్! ఒక్కటే సీటు, జల్దీ రా అన్నా!"

ఆ కేక నాకు కొత్త కాదు. కీసర చౌరస్తాలో ఆటోవాళ్లు వేసే కేక అది. నా గది నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. ఆ కేక వేయడానికి ఎవరూ విశాఖ సముద్రం ఒడ్డుకు పోరు.

వెంటనే ఎరుపు పెట్టానని రాసుకోవాలని ఉంది. పెట్టలేదు. టీవీ అయ్యుంటుందిలే అనుకున్నాను. ఎవరో ఇక్కడి వాళ్లు అక్కడికి విహారానికి పోయి హాస్యానికి అరిచారేమో అని కూడా అనుకున్నాను. ఐదూ నలభై ఐదుకు ఆకుపచ్చ పంపేశాను. తర్వాత రిజిస్టరు ముందు పెట్టుకుని ఆ పన్నెండు వరుసలూ చూస్తూ కూర్చున్నాను. ఆరుంబావు అయ్యింది. మళ్లీ ఫోన్ చేశాను.

"సింహాద్రి గారూ, మీరు కీసరల ఉన్నరా?"



"కాలిరిగిపోనాదమ్మా" అన్నాడు. "రెండు వారాలైంది."

ఫోన్ పెట్టేశాను. స్కూలు నడిపే ప్రసన్నకు చేశాను. మూడోసారికి ఎత్తింది.

"పిల్లలను దింపకండి. దిగితే బయటకు తెండి. నేను పంపింది తప్పు" అన్నాను.

"ఏంటండీ, మీరే గ్రీన్ ఇచ్చారు. సముద్రం పళ్లెంలా ఉంది. పిల్లలు ఇసుక మీద బోర్డుల పక్కనే ఉన్నారు, ఇద్దరు ముగ్గురు నీళ్లలో కాళ్లు పెట్టారంతే."

"నా మాట నమ్మకండి. మీరే నిలబడి లెక్కపెట్టండి. ఒక అల విరిగాక రెండోది విరిగేదాకా."

విసుగ్గానే మొదలుపెట్టింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నాకు అల చప్పుడు వినిపించింది. ఎనిమిది దాటింది. పది. పన్నెండు దగ్గర ఆమె గొంతులో విసుగు పోయింది. "పదహారు" అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడింది నాతో కాదు. "బయటకు! అందరూ బయటకు! బోర్డులు వదిలేయండి!" ఈల మోత. పరుగులు. ఫోన్ ఇసుకలో పడిపోయినట్టుంది, తర్వాత అంతా గరగరలే. ఆ గరగరల మీదుగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అలలు విరిగాయి, ఎవరో పిల్ల గట్టిగా ఏడ్చింది.

ఆ కొద్ది నిమిషాలూ నేను అలియాబాద్‌లో, మేడ మీద గదిలో, ఫోన్ చెవికి అదుముకుని నిలబడి ఉన్నాను. కింద యాదమ్మక్క వాకిలి ఊడుస్తోంది. పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియలేదు.

ప్రసన్న మళ్లీ ఫోన్ తీసింది. పద్నాలుగు మందినీ రెండుసార్లు లెక్కపెట్టానంది. అందరూ ఉన్నారు. ఒక పాపను అల పడేసి ఈడ్చుకుపోతుంటే నేర్పేవాళ్లలో ఒకరు జబ్బ పట్టుకుని లాగారట. బోర్డులు కొన్ని కొట్టుకుపోయాయి. "అవి పోనివ్వండి" అంది. తర్వాత, "ఆ ఆకుపచ్చ ఎలా ఇచ్చారండీ మీరు?" అంది.

మధ్యాహ్నం కీసర పోయి, కాలిరిగిన విశాఖ ముసలాయన ఎక్కడని చౌరస్తాలో అడిగాను. చౌరస్తా పక్కన కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు, కింద వాచ్‌మన్ గది. సింహాద్రి చెల్లెలి భర్త అక్కడ కాపలా. నేను ఊహించుకున్న మనిషి ఎత్తుగా, నల్లగా, ఛాతీ విరుచుకుని ఉండేవాడు. మంచం మీద ఒక చిన్న మనిషి, తొడ దాకా కట్టు, పక్కన సిమెంటు బస్తాలు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"పిల్లలమ్మా?" అన్నాడు మొదట.

"ఉన్నరు. అందరున్నరు."

ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేను కోపంతోనే వచ్చాను, అది ఇంకా పోలేదు.

"ఎట్ల జెప్పిన్రు నాకు? ఏది జూసి జెప్పిన్రు?"

"మీరు సాయంత్రం పంపీ కాగితమే సూసి" అన్నాడు. "మీ మాటే మీకు సెప్పీవోణ్ని. మీ అంచనా ఎప్పుడూ తప్పదు కదమ్మా, నాను ఊరికే అవునంటే సాలనుకున్నాను."

నా మాట ఆయనకు సముద్రం. ఆయన మాట నాకు సముద్రం. పన్నెండు రోజులు మేమిద్దరం ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం, నీళ్ల వైపు చూసినవాళ్లు ఎవరూ లేరు.

"కాలు ఇరిగిందని ఒక్క మాట జెప్తే ఏం బోతుండె?"

"సెప్తే ఇంకో మనిషిని ఎట్టుకుంటారు కదా." ఆయన నా వైపు చూడలేదు. "ఇక్కడ పొద్దున్నుంచీ నన్ను పలకరించీవోలు లేరమ్మా. సెల్లి పనికెల్లిపోద్ది. మీ ఫోనొకటే."

నాదీ అదే బతుకని చెప్పాలనిపించింది. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం, రిపోర్టు రాయడం నాకు చేతనయ్యేది కాదు. నీళ్లు తాగి లేచాను. గుమ్మం దాకా వచ్చాక, "రేపు సేస్తారా అమ్మా?" అన్నాడు. వినిపించనట్టు వచ్చేశాను.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. పరిశీలకుడు ఒడ్డున లేడని రాశాను. పీరియడ్ పదహారని మోడల్ చూపినా, పన్నెండు రోజుల కొలతలు అనుమానం రావలసినంతగా కలిసినా, అల చప్పుడు వినిపించకపోయినా, ఫోన్‌లో కీసర కేక విన్నాక కూడా ఆకుపచ్చ పంపింది నేనేనని రాశాను. మేనేజర్ చదివి తల పట్టుకున్నారు. "నీ పేరెందుకు రాసినవమ్మా? ఆయనది రాస్తే సరిపోతుండె గద!" అన్నారు. సింహాద్రిని తీసేశారు. నన్ను మందలించి వదిలేశారు. తప్పులో సగం ఆయనది, సగం నాది. శిక్షను మాత్రం అట్లా పంచలేదు, అది ఇప్పటికీ గుచ్చుతుంది. తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ పైన ఆ నంబరు పనిచేయడం మానేసింది.

ఇప్పుడు ఒడ్డున ఇద్దరున్నారు. నీళ్ల ముందు నిలబడి వీడియో పంపుతారు, అంకె చెప్తారు, నలభై సెకన్లలో అయిపోతుంది. సాయంత్రం అంచనా వాళ్లకు పంపను. నేనేం రాశానో తెలియకుండా వాళ్లు చూడాలి. తప్పులు వస్తాయి, అవి రిజిస్టరులో కనిపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎవరి దగ్గర నుంచి నిజం కావాలో, వాళ్ల దగ్గర తోడు వెతుక్కోవద్దు. తోడు దొరికిన క్షణం నుంచి వాళ్లు మన మనసు నొప్పించరు, మనం వాళ్లను అనుమానించం.

అది నేర్చుకున్నాను, పని బాగా సాగుతోంది. ఈ రెండేళ్లలో పిల్లలున్న నీళ్లకు నా చేతి మీదుగా తప్పు రంగు మళ్లీ వెళ్లలేదు. నా దగ్గు తగ్గిందా అని అడిగిన మనిషీ మళ్లీ లేడు.