నర్సవ్వ పెట్టిన వాటం

సూరత్‌లోని బమ్రోలి పేటలో ఎవరింట్లో గచ్చు మీద నీళ్లు నిలిచినా ముందు నర్సవ్వకే కబురు వెళ్తుంది. జగిత్యాల దిక్కు పల్లె నుంచి మొగుడు ఆగయ్య వెంట ఈ ఊరు వచ్చిన మనిషి ఆమె. ఆయన పవర్‌లూమ్‌ల దగ్గర నిలబడితే, ఆమె మేస్త్రీల వెంట తిరిగి గచ్చులు చేసింది. స్నానాల గదిలో చెంబెడు నీళ్లు పోస్తే అవి దిక్కులు చూడకుండా తిన్నగా తూములోకి పోవాలి. పోలేదంటే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. అదొక పిచ్చి అనుకోండి.

మోకాళ్లు మొరాయించాక కొడుకు సంపత్ ఆమెను పని మాన్పించాడు. మాన్పించాడే గానీ, ఊరికే కూర్చోవడం ఆమెకు చేతనైతే కదా. ఇరుగుపొరుగు వాకిళ్లలో వంకలు వెతుకుతూ పొద్దు పుచ్చేది.

సంపత్ ఒక సేఠ్ దగ్గర చుట్టూ వల కట్టి ఆడే బాక్స్ క్రికెట్ మైదానాలకు ప్లాస్టిక్ గడ్డి పరిచేవాడు. ఈ ఎండాకాలం ధైర్యం చేసి బయటికొచ్చాడు. సొంతంగా దొరికిన మొదటి పని అదే ఊళ్లో అడాజన్ వైపు, వీరరాఘవులు గారి ఇంటి పెరట్లో. ఇది కుదిరితే పేరొస్తుంది, ఇంకో నాలుగు ఇళ్లు దొరుకుతాయి. చెడిందా, మళ్లీ ఆ సేఠ్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ సంగతి తల్లికి బాగా తెలుసు. అందుకే తోడు రావలసిన మనిషి జ్వరమని రాకపోయేసరికి, “నేనొస్త పా” అని కొంగు దోపింది. సంపత్ వద్దంటూనే ఉన్నాడు, ఆమె వెళ్లి టెంపోలో కూర్చుంది.

వీరరాఘవులు గారు హజీరా ఫ్యాక్టరీలో పెద్ద మేనేజరు, కాకినాడ వైపు మనిషి. ఆయనకు గోల్ఫ్ అంటే ప్రాణం. గోల్ఫ్‌కే ఆయనంటే బొత్తిగా గిట్టదు. ఆయన కొట్టిన బంతి గుంట దాకా వచ్చి, పలకరించినట్టే పలకరించి పక్కనుంచి వెళ్లిపోతుంది. క్లబ్బులో గణపతి లాంటి స్నేహితులు నవ్వుతారు. ఇంట్లోనే సాధన చేద్దామని పెరట్లో గడ్డి వేస్తే, పక్కింటి బాదం చెట్టు నీడకు గడ్డి చచ్చి నాచు బతికింది. దాని మీద భార్య అనంతలక్ష్మి కాలు జారి పడ్డాక, ఆయన ప్లాస్టిక్ గడ్డికి ఒప్పుకున్నారు.

సంపత్ అప్పటికే నేల తవ్వి, కంకర పోసి, పైన రాతి పొడి పరిచి దిమ్మిసతో కొట్టి ఉంచాడు. సార్ కోరినట్టు ఇక్కడొక చిన్న మిట్ట, అక్కడొక చిన్న పల్లం పెట్టాడు. బంతి వంకర తిరిగితేనే ఆటకు రుచి అట. మధ్యలో బంతి పడే గుంటకు ఒక డబ్బా పాతి, వాననీళ్లు నిలవకుండా దాని అడుగున గొట్టం కలిపాడు.

“అవ్వా, నేను గడ్డి చుట్ట తెస్త. నువ్వు జర ఊడ్చి పెట్టు” అని గోడౌనుకు వెళ్లాడు.

ఊడ్చింది. ఊడుస్తూ డబ్బాలోకి తొంగిచూసింది. అడుగున గొట్టం కనబడింది. ఓహో, ఇదన్నమాట తూము. మరి తూము మధ్యలో పెట్టి, చుట్టూ ఈ మిట్టలేమిటి, ఈ పల్లాలేమిటి? పిల్లగాడు తొందరలో చెడగొట్టుకున్నాడు, మొదటి పనికే పేరు పోయేట్టుంది.

ఇంకేముంది, తాపీ అందుకుంది. మోకాళ్ల మాటే మరిచి చతికిలబడి, మిట్టలు చెక్కి, పల్లాలు పూడ్చి, నాలుగు వైపుల నుంచీ నేల తూము వైపు వాలేలా వాటం పెట్టుకుంటూ వచ్చింది. ఈ మూల చెంబెడు నీళ్లు పోసింది, తూములోకి పోయాయి. ఆ మూల పోసింది, అవీ అందులోకే. కొడుకును గట్టెక్కించానని ఆమె ముఖం విప్పారింది.

సంపత్ వచ్చేసరికి మబ్బు కమ్మింది. చెట్టు నీడకు మబ్బు తోడై నేల సరిగా కనబడటం లేదు. వాన పడేలోపు ముగించాలని గబగబా గడ్డి పరిచి, అతుకులు అంటించి, అంచులు కోసి, ఇసుక చల్లి బ్రష్ కొట్టేశాడు. వాన మాత్రం రాలేదు.

వీరరాఘవులు గారు కర్ర పట్టుకుని దిగారు. ఒక బంతి కొట్టారు. టక్కున గుంటలో పడింది. ఇంకో మూల నుంచి కొట్టారు, అదీ పడింది. గోడ వైపు తిరిగి కొట్టినంత పని చేసినా, బంతి తిరిగి తిరిగి వచ్చి గుంటలోనే పడింది.

“లక్ష్మీ, ఓసారి ఇలా వచ్చి చూడు” అని పిలిచారు. గొంతులో కొత్త పెళ్లికొడుకు హుషారు.

అనంతలక్ష్మి టీ కప్పులతో వచ్చింది. కాలికి అడ్డం వచ్చిన బంతిని చెప్పుతో పక్కకు నెట్టింది. అది నింపాదిగా దొర్లుకుంటూ పోయి గుంటలో పడింది.

“నాకూ వచ్చేసిందండీ మీ గోల్ఫ్” అంది.

ఆయన హుషారు అక్కడే ఆగిపోయింది. వంగి అరచేత్తో నేల తడిమారు. “ఏమయ్యా సంపత్, ఎటు కొట్టినా అందులోకే పోతోంది. నేను పెట్టమన్న మిట్ట ఏది?”

సంపత్ తల్లి వైపు చూశాడు.

“నేనే తీసేసిన సారూ” అంది నర్సవ్వ. “తూముకు వాటం లేకుంటే నీళ్లెట్ల పోతయి? పిల్లగాడు మర్సిపోయిండనుకున్న.”

“అది తూము గాదే అవ్వా, బాల్ పడే బొక్క.”

“మరి బాల్ పడుతనే ఉంది గదా” అంది ఆమె మెల్లగా.

అనంతలక్ష్మి కప్పులు కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. నర్సవ్వకు నవ్వు రాలేదు. చేసిందేమిటో ఆమెకు అప్పటికి అర్థమైంది. కొడుకు మొదటి పనిని చేతులారా తానే చెడగొట్టింది. “వాణ్నేమనకుండ్రి సారూ. మళ్ల నేనే సక్కగ జేస్త” అంటుండగా కళ్లలో నీళ్లు తిరిగాయి. సంపత్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అంచు లేపబోయాడు.

“ఆగవయ్యా” అన్నారు వీరరాఘవులు గారు. ఇంకో బంతి కొట్టారు. టక్.

“ఈ చప్పుడు వినడానికి ఎన్నేళ్లుగా తంటాలు పడుతున్నానో నీకేం తెలుసు? క్లబ్బులో ఎలాగూ ఓడతాను. ఇంట్లోనైనా నెగ్గనీ. ఆదివారం గణపతి వస్తాడు. ఈ తూము సంగతి మాత్రం వాడి దగ్గర ఎత్తకండి.”

ఆదివారం గణపతి గారు వచ్చారు, ఆడారు, కొట్టిన ప్రతి బంతీ గుంటలో వేశారు. తన చెయ్యి ఇన్నాళ్లకు తిరిగిందని పొంగిపోయి మర్నాడే సంపత్‌కు ఫోన్ చేశారు. మా ఇంటికీ అచ్చం అలాంటిదే కావాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారు.

సంపత్ ఫోన్ జేబులో పెట్టుకుని, చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లి ముందు నిలబడ్డాడు. పని మానమని చెప్పిన నోటితోనే అడగాలి కాబట్టి కాసేపు తల గోక్కున్నాడు.

“అవ్వా, ఇంగో ఇల్లు దొరికింది. తాపీ తీసుకొని నువ్వు గూడ రావాలె.”

నర్సవ్వ కాయలు పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది.

“తూమెటు దిక్కున్నది?” అంది.