ఖాదర్ భాయ్ అంగట్లో నేనమ్మిన మసాలా

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, టీ పొరబోతే నా పూచీ లేదు. వారం కిందట ఉదయగిరిలో నేను చేసిన పనికి మా ఆఫీసంతా నవ్వింది. మా ఆయనైతే కూర గిన్నె మూత తీసినప్పుడల్లా "ఇది ఎవరి మసాలా?" అని అడుగుతున్నాడు. అడగనీ! మళ్ళీ ఆ అంగట్లో కూర్చోబెట్టినా నేను అదే చేస్తా.

నా ఉద్యోగం మీకు తెలిసిందే కదా. సాంపిల్ సంచి భుజాన వేసుకుని ఇక్కడ ఆత్మకూరులో బస్సెక్కడం, మా కంపెనీ మసాలా పొడులు కిరాణా అంగళ్ళకు వేయించడం. శుక్రవారం వస్తే ఉదయగిరి. అక్కడి బజారులో ఖాదర్ భాయ్ అంగడే పెద్దది. సీతారామపురం బస్సు దిగినవాళ్ళు కూడా నేరుగా అక్కడికే పోతారు. ఆ అంగట్లో మా ప్యాకెట్ ఒక్కటైనా పెట్టించాలని ఏడాదిగా తిరుగుతున్నా. పోయినప్పుడల్లా ర్యాక్‌లో ఉన్న పోటీ కంపెనీ మసాలా చూపించి భాయ్ ఒకటే మాట.

"ఆ కంపెనీ సరుకు ఇంకా ఉండాది గదమ్మా. అదంతా అయిపోనీ, అప్పుడు నీది పెడతా."

అది ఎప్పుడు అయిపోవాలి? సగం కాకముందే ఆ కంపెనీవాళ్ళు వచ్చి ర్యాక్ నింపిపోతారు!

అయినా పోవడం మానలేదు. ఆర్డర్ ఇవ్వలేదని మొహం ముడుచుకునే రకం కాదు నేను. కూర్చుని టీ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి వస్తా. భాయ్ భార్యను ఆత్మకూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు జావ కాచి పట్టుకుపోయింది కూడా నేనే. ఆర్డర్ కోసం కాదు. ఆమె ఊరుగాని ఊళ్ళో ఉంది, మా ఇల్లు పక్కవీధిలోనే ఉంది. అంతే.

మా ఏరియా మేనేజర్ సందీప్ సార్‌కి ఇవేవీ గిట్టవు. "మేడమ్, రిలేషన్ అంటే టీలు తాగడం కాదు. రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టండి, విజిట్ ఫోటో గ్రూపులో పెట్టండి, చాలు" అంటారు. ఆ మెసేజ్‌లో పువ్వు బొమ్మ ఉండాలట! చివరికి ఒకరోజు ఫోన్ చేసి తేల్చేశారు. శనివారం తనే ఉదయగిరి వస్తారు. ఖాదర్ భాయ్ ఆర్డర్ ఇస్తే సరి, లేకపోతే నేను తిరిగే ఆ లైను ఎత్తేసి నన్ను నెల్లూరు ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. పొద్దస్తమానం గోడ వైపు చూస్తూ "నమస్తే సార్, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అనడం! మనుషుల మొహాలు చూడకుండా నేను బతకగలనా? నిజంగానే ఏడుపొచ్చింది.

కాబట్టి ఆ శుక్రవారం గట్టిగా అడగాలనే పోయా. పోయేసరికి మధ్యాహ్నం నమాజు టైము. భాయ్ కొడుకు కావలి టౌనుకు పోయున్నాడు. భాయ్ టోపీ చేతిలో పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"మంచి టైముకొచ్చినావు తల్లీ! కాస్త గల్లా దగ్గర కూర్చో, నమాజుకి పోయొస్తా. రేట్లన్నీ ప్యాకెట్ల మీదే ఉండాయి."

నేను నోరు తెరిచేలోపే మనిషి రోడ్డు దాటేశాడు.

కూర్చున్నా. కూర్చున్నానో లేదో బస్టాండు దగ్గర మెస్సు నడిపే రమణమ్మక్క వచ్చింది. "ఏందమ్మా, భాయ్ లేడా? రేపటికి మా మెస్సుకి పెద్ద బిర్యానీ ఆర్డర్ ఒకటొచ్చినాది. మంచి మసాలా ఉంటే ఇయ్యి."

చూడండి నా కష్టం! వెనక ర్యాక్ నిండా వాళ్ళ మసాలా. కాళ్ళ దగ్గర సంచి నిండా మా మసాలా. చూసేవాళ్ళు ఎవరూ లేరు. చెయ్యి సంచి జిప్పు దాకా పోయింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ నమ్మి గల్లా అప్పజెప్పి పోయిన మనిషి అంగట్లో నా సరుకు దొంగచాటుగా అమ్మడమా? పోనీ లేదని చెప్పి పంపిస్తే, భాయ్ గిరాకీ ఎదురంగడికి పోతుంది. అదీ చెయ్యలేను.

ఇచ్చేశా. ఊరికే ఇచ్చానా? నా నోరు మీకు తెలియదా! "ఇది తీసుకో అక్కా, దీన్ని మించింది లేదు. ముక్కకి పట్టించేటప్పుడు సగం, దమ్ముకి పెట్టే ముందు సగం వెయ్యి. వాసన పక్కింటికి పోవాల" అని మొదలుపెట్టా. ఆ మసాలాకి వంకలు వెతకడానికి ఇంట్లో వండి చూశాను కదా, ఎట్లా వాడాలో నాకు బాగా తెలుసు. రమణమ్మక్క నా మాటలకు కరిగిపోయి ఒక్క ప్యాకెట్ తప్ప ర్యాక్ మొత్తం సంచిలో వేయించుకుంది.

తల వంచుకుని చిల్లర సర్దుతుంటే ఇంకో గొంతు వినిపించింది. "బిర్యానీ మసాలా ఏది బాగుంటుందండీ?"

"ఇదే సార్, ఆఖరు ప్యాకెట్. మీ అదృష్టం! ఇంక వేరేది చూసే పనే లేదు" అంటూ తల ఎత్తా.

సందీప్ సార్! శనివారం వస్తానన్న మనిషి చెప్పకుండా ఒకరోజు ముందే దిగారు. చేతిలో ఫోను, ఫోనులో నేను, నా చేతిలో పక్క కంపెనీ మసాలా! ఫోటో గ్రూపులో పడింది కూడా. కింద రాతేంటో తెలుసా? 'మన మేడమ్ ఎవరి సరుకు అమ్ముతున్నారో చూడండి.'

"సంచిలో మన ప్యాకెట్లు పెట్టుకుని ఇదేం పని మేడమ్? మనవి అమ్మచ్చు కదా!"

నాకు సిగ్గు పోయి కోపమొచ్చింది. "ఇది నా అంగడి కాదు సార్! భాయ్ నమాజుకి పోతా నన్ను నమ్మి కూర్చోబెట్టినాడు. ఆయన చూడకుండా నా సరుకు అమ్మే పని నేను చెయ్యను. కావాలంటే లైను తీసేసుకోండి!"

అనేశా. అన్నాక గానీ నెల్లూరు ఫోన్లు గుర్తు రాలేదు.

భాయ్ ఎప్పుడొచ్చాడో, మెట్టు కింద చెప్పులు విడుస్తూ అంతా విన్నాడు. లోపలికొచ్చి ర్యాక్ వైపు చూశాడు, కాళ్ళ దగ్గర జిప్పు తియ్యని నా సంచిని చూశాడు.

"అంతా అమ్మేసినావా?"

"ఒకటుండాది భాయ్. ఈ సార్ తీసుకుంటారు."

"అయితే అయిపోయినట్టే. సరుకు అయిపోతే నీది పెడతానని చెప్పినా గదమ్మా. తియ్యి సంచి!"

సందీప్ సార్ ఆ ఆఖరు ప్యాకెట్‌కి డబ్బులు కట్టారు. గ్రూపులో ఫోటో మాయమైంది. సోమవారం మీటింగులో ఆయన ఏం చెప్పారో వినండి. "ముందు పోటీ కంపెనీ స్టాకు ఖాళీ చేయించాలి. మేడమ్ ఫాలో అయిన స్ట్రాటజీ అది" అన్నారు! నేను లేచి నిలబడి "స్ట్రాటజీ లేదు, ఏమీ లేదు సార్. గిరాకీ వచ్చింది, ఇచ్చినాను" అన్నా. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వితే ఏం, ఉదయగిరి నాదే!

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. నిన్న మళ్ళీ శుక్రవారం. భాయ్ మళ్ళీ నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి నమాజుకి పోయాడు. ఈసారి వెనక ర్యాక్ నిండా మా ప్యాకెట్లే! నేను దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే రమణమ్మక్క వచ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేసినా పాపా, బిర్యానీ అదిరిపోయినాది. అదే ఇంకో పది ఇయ్యి."

మాది తీసిచ్చా. అటూ ఇటూ తిప్పి చూసి కౌంటరు మీద పెట్టేసింది.

"ఇదేంది? ఈ కొత్త కంపెనీ నాకొద్దు. దాన్ని మించింది లేదని పోయిన వారం చెప్పింది నువ్వే గదా?"

నా వాగుడే నాకు పోటీకొస్తే ఎవరితో పోట్లాడేది? మాది ఒకటి ఊరికే చేతిలో పెట్టా, "వాడి చూడు" అని బతిమాలా. సంచిలో వేసుకుంది గానీ అదే కావాలని మొండికేసింది. రేపొద్దున ఆమె భాయ్ అంగడికి రావడం మానేస్తే? రమణమ్మక్కనే ఒక్క నిమిషం అంగడి చూస్తూ ఉండమని, నేనే పోయి ఎదురంగడిలో వాళ్ళ మసాలా పది కొనుక్కొచ్చి ఇచ్చా.

విజిట్ ఫోటో పెట్టాలి కదా, పెట్టా. మా ర్యాక్ ముందు నేను, నా పక్కన నవ్వుతూ రమణమ్మక్క, ఆమె చేతుల నిండా వాళ్ళ ప్యాకెట్లు. ఈసారి రాత కూడా నేనే రాశా: 'గుడ్ మార్నింగ్ సార్. స్ట్రాటజీ నడుస్తా ఉండాది.' పువ్వు బొమ్మ కూడా పెట్టానండోయ్!