బుట్ట అడుగున చెయ్యి

మా మామయ్యగారిది కొల్లేరు చేపల వ్యాపారం. బుట్టలో పైన పేర్చిన చేపల్ని నమ్మేవారు కాదు. అడుగుదాకా చెయ్యిపెట్టి ఒకదాన్ని లాగి చూసేవారు. ఏలూరులో కొత్తగా పెట్టిన స్కూల్లో మా అమ్మాయిని చేర్చాలా వద్దా తేల్చడానికి ఆయన్ని తీసుకెళ్లాను. రంగుల ప్రకటన కాగితం చూస్తే రంగంలోకి దూకేసే మనిషిని నేను.

ప్రిన్సిపాల్ మొదటి బెంచీ పిల్లలచేత ఇంగ్లీషులో గడగడా మాట్లాడించారు.

"పైవి బావున్నాయండీ," అంటూ మామయ్యగారు చివరి బెంచీకి నడిచారు. "ఏమ్మా, కొల్లేటికి ఏయే ఏర్ల నీళ్లొస్తాయి?"

"తెలీదండీ," అందా పిల్ల.

ఆయన చప్పున టీచరమ్మ ముఖం చూశారు. ఆవిడ నవ్వి, "నాకూ అన్నీ తెలీవండీ, మీరే చెప్పండి," అంది.

బయటికొచ్చాక మామయ్యగారు, "చేర్చెయ్యరా," అన్నారు. "తెలీదనడానికి ఆ పిల్ల భయపడలేదు."