గెట్టు మీది గడ్డి

గద్వాల నుంచి మానవపాడు మీదుగా పోయే బస్సులో ముందు సీటువాళ్లిద్దరు పేపరు చదువుతున్నారు. ఏ జిల్లాలో ఎన్ని హత్యలు జరిగాయో అందులో వేశారు.

"పక్క జిల్లోళ్ల కన్న మనమే మంచోళ్లం, సూడు."

"మొన్న మీ తమ్మునితోని గెట్టు కాడ లొల్లి పెట్టుకున్నప్పుడు సూసిన తియ్ నీ మంచితనం!"

నా పక్కన కూర్చున్న ముసలామె ఎస్తేరమ్మ నా వైపు వంగింది. "అయ్యా, ఆ పేపర్ల మా కొడుకు ఇమ్మానుయేల్ ఉన్నడా?"

పేర్లుండవమ్మా, లెక్కలే ఉంటాయన్నాను.

"లెక్కల్నే. ఉన్నడా?"

దారి పొడవునా కొడుకు సంగతి చెప్పింది. రెండు నదుల మధ్య ఉండి కూడా ఎండిన నేల మా నడిగడ్డ. నా చిన్నప్పుడు ఇక్కడ చేనుకూ చేనుకూ మధ్య గెట్లు బండి పోయేంత వెడల్పు. వాటి మీది గడ్డి భూమి లేనివాళ్లదని వాడుక. ఆ గడ్డి కోసి, మేకలు మేపి, కొడుకును పెంచింది ఎస్తేరమ్మ. తర్వాత కాలువ నీళ్లొచ్చాయి. ఎకరం ధర లేచింది, దున్నిన ప్రతిసారీ గెట్టు సన్నబడింది. కొల్లాపూర్ తోటల్లో, వనపర్తి ప్లాట్ల దగ్గర నేను విన్న కొట్లాటలూ ఇలాంటివే. జిల్లాలను పోల్చేవాళ్లు హత్యలకు కారణం తాగుడంటారు, వలసంటారు, చదువు లేకపోవడమంటారు. అబద్ధమని అనను. కానీ బీడు నేల కోసం కర్రలు లేవడం నేను ఎక్కడా చూడలేదు.

ఇమ్మానుయేల్ కౌలుకు దున్నుతూ గెట్టును ముట్టకుండా వదిలాడు. పక్క చేని రాఘవేందర్ ట్రాక్టరుతో ఆ గడ్డిని కలిపి దున్నబోతే అడ్డం నిలబడ్డాడు. "పటేలా, గడ్డి మా అమ్మది" అన్నాడట. రాఘవేందర్ పార తిప్పి తల మీద కొట్టాడు. ఇమ్మానుయేల్ దవాఖానలో చనిపోయాడు. కౌలుకిచ్చిన ఆసామీ, రాఘవేందరూ పాలివాళ్లు, ఒకే వంశపు దాయాదులు. పెద్దమనుషులు ఎస్తేరమ్మను కూర్చోబెట్టి, ట్రాక్టరు మీది నుంచి పడ్డాడని ఠాణాలో చెప్పమన్నారు. చెప్పింది.

"ఇయ్యాల వకీలును కలిసొస్తున్నయ్యా. ఇప్పుడన్న ఠాణాల నిజం చెప్పొచ్చన్నడు. మానవపాడుల దిగుత."

అంతలో ఫోను మోగింది. కోడలు నవ్య గొంతు నాకూ వినిపించింది.

"అత్తా, యాడున్నవు? రాఘవేందర్ పటేల్ మనిషి ఇంటికొచ్చిండు. ఠాణాకు పోయినవా అని అడుగుతుండు. రేపు నేను సీడు పత్తిల పూల క్రాసింగు పనికి రావాల్నా వద్దా అన్నది నీ మీదనే ఉందంట. ఏం జెప్పాలె?"

"ఆగు" అని ఫోను పెట్టేసింది. ఊరి చుట్టూ చేలన్నీ ఆ పాలివాళ్లవే. కూలికి పోవడానికి ఇంకో చేను లేదు.

మానవపాడు వచ్చింది. ఎస్తేరమ్మ లేచింది, కొంగు సర్దుకుంది. కమ్మీ పట్టుకుని ఠాణా తోవ వైపు చూస్తూ నిలబడింది. దిగేవాళ్లు దిగారు. పేపరు సీటు మీద వదిలేసి ముందువాళ్లూ దిగారు.

"దిగుతవా అమ్మా?" కండక్టరమ్మ అడిగింది.

ఎస్తేరమ్మ కూర్చుంది.

"మా ఊరి దాంక కొట్టు బిడ్డా టికెటు."