రెండు గంటల సైరన్

2023 ఆగస్టు 9, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు సంగారెడ్డిలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్ గారు స్కానింగ్ యంత్రం తెరను మావైపు తిప్పారు. అంతకుముందు అన్ని నెలల్లో ఆ తెర ఒక్కసారి కూడా మావైపు తిరగలేదు. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరమని అక్కడ గోడ మీద బోర్డు ఉంటుంది. అందుకని తెర ఎప్పుడూ డాక్టర్ వైపే ఉండేది. మా వదినకు కనిపించేది దాని వెనుక భాగం, డాక్టర్ గారి ముఖం, అంతే.

ఆ రోజు మాత్రం ఆమె తెర తిప్పి, ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ కదలాలమ్మా. కదలట్లేదు" అన్నారు.

దయ్యాల మీద, ఆత్మల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా కుటుంబంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. రసాయనశాస్త్రం చదివి, జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. యంత్రం వింత అంకె చూపితే మేము భయపడం. శుభ్రం చేసి, తెలిసిన నమూనాతో సరిచూసి, మళ్ళీ కొలుస్తాం. జరిగినదాన్ని ఇక్కడ కూడా ఆ పద్ధతిలోనే రాయడానికి ప్రయత్నిస్తున్నాను.

మా అన్న అక్కడికి దగ్గరలోనే మరొక కంపెనీలో ఆపరేటరు. అతని షిఫ్టు పొద్దున ఆరింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి ముగుస్తుంది. మేము కిరాయికి ఉన్న ఇల్లు ఆ కంపెనీ గోడకు చాలా దగ్గర. రెండింటి సైరన్ మోగితే కిటికీ అద్దాలు అదిరేవి. వదినకు ఆరో నెల దాటినప్పటి నుంచి, ఆ సైరన్ మోగగానే కడుపులో బిడ్డ కదిలేది. కొన్నిసార్లు ఆ కదలిక చీర మీద నుంచే తెలిసేది.

ఇంటి యజమానురాలిని మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. సైరన్ వేళకు ఆమె పని మానుకుని వచ్చి వదిన పక్కన కూర్చునేది.

"నాయిన డ్యూటీ దిగిండని ఖబర్ అందింది సూడు" అనేది.

"మీ చిన్నోడు ముప్పై ఏండ్లొచ్చినా సైరన్‌కు లేవడు. నా బిడ్డ కడుపులకెల్లే లేస్తది ఖాలా" అని వదిన చురక అంటించేది. ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అన్నకు ఒక్కటే కొరత. ఆసుపత్రి పరీక్షలన్నీ పొద్దున పూటే. ఆ వేళకు అతను డ్యూటీలో ఉంటాడు. వదిన కడుపుకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడును యంత్రం స్పీకరులో వినిపించే గదిలో ప్రతిసారీ సెలవు పెట్టి వెళ్ళిన నేనే ఉన్నాను. అన్న ఒక్కసారి కూడా వినలేదు.

"చెల్లె, ఆ సప్పుడు ఎట్లొస్తది? జెర చేసి చూపియ్యి" అని అన్నం తినేటప్పుడు అడిగేవాడు. నేను స్టీలు పళ్ళెం బోర్లించి, దాని వెనుక వేళ్ళతో వేగంగా కొట్టేదాన్ని.

"గింత స్పీడా? మా కంపెనీల మిక్సర్ గూడ గింత స్పీడ్ తిరగదు" అనేవాడు. మరుసటి రోజు మళ్ళీ అడిగేవాడు. తొమ్మిదో నెల పరీక్ష శుక్రవారం ఉండింది. ఈసారి ఎట్లయినా లీవు పెట్టి వస్తానని వదినకు మాట ఇచ్చాడు.

మంగళవారం రెండింటికి సైరన్ మోగింది. బిడ్డ కదలలేదు. వదిన తీపి తిని, ఎడమ పక్కకు తిరిగి పడుకుని చాలాసేపు చూసింది. నిద్రపోతున్నదేమో అనుకుంది. తెల్లవారినా కదలిక తెలియకపోయేసరికి ఇద్దరం సంగారెడ్డికి బయలుదేరాం.

గుండె ఆగి కనీసం ఒక రోజు అయివుంటుందని డాక్టర్ గారు చెప్పారు. కారణం చెప్పలేకపోయారు. అన్న యూనిఫాంతోనే ఆసుపత్రికి వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడి, "శుక్రారం వస్తనన్న గద" అని ఒక్క మాట అన్నాడు.

ఆ సాయంత్రమే కాన్పు నొప్పులు రావడానికి మందు మొదలుపెట్టారు. మరునాడు, గురువారం, మేము కాన్పుల వార్డులో ఉన్నాం. అక్కడ ప్రతి మంచం దగ్గర ఒక మానిటరు ఉంటుంది. దానికి రెండు గుండ్రటి బిళ్ళలు. ఒకటి బిడ్డ గుండెను వింటుంది, రెండోది నొప్పులను చూపుతుంది. అన్ని మంచాల అంకెలు సిస్టర్లు కూర్చునే కౌంటరులో ఒకే తెర మీదికి వస్తాయి. తేడా వస్తే అలారం దానంతట అదే మోగుతుంది.

సిస్టర్ వదినకు నొప్పుల బిళ్ళ మాత్రమే కట్టింది. గుండె బిళ్ళ వైరు ఊడదీసి, గుడ్డతో తుడిచి, మానిటరు పక్కనున్న కొక్కేనికి తగిలించింది. వైరు పెట్టే చోటు ఖాళీగా ఉండటం నేను చూశాను. అలారం కూడా ఆపింది. లేకపోతే గుండె దొరకడం లేదని అది అరుస్తూనే ఉంటుందట. పక్క రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి.

ఆ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు. కాని ఆ రోజు సిస్టరే స్టూలు తెచ్చి వేసింది. "ఎవరన్న అడిగితే నేను చెప్పుకుంట. కూసో అన్నా" అంది. అన్న వదిన చేయి పట్టుకుని కూర్చున్నాడు.

సంగారెడ్డికి మా సైరన్ వినిపించదు. అంత దూరం. నేను గడియారం వైపు కూడా చూడటం లేదు. ఉన్నట్టుండి మానిటరు స్పీకరు నుంచి ఆ చప్పుడు వచ్చింది. బెల్టు గదిలో నేను ప్రతిసారీ విన్న చప్పుడే. వేగంగా, తడిగా, లోపలి నుంచి వస్తున్నట్టు. తెర మీద అంతవరకూ అంకె బదులు అడ్డగీతలున్న చోట అంకె కనిపించింది. అది కొద్దిగా పెరుగుతూ, తగ్గుతూ ఉంది.

అన్నకు భయం వేయలేదు. గుండె బిళ్ళ వైరు ఊడదీసి ఉందని అతనికి తెలియదు. నా వైపు తిరిగి, "చెల్లె, ఇదేనా?" అని అడిగాడు.

నేను తల ఊపాను. వదిన కళ్ళు తెరవకుండానే, "రెండైంది" అంది.

గోడ గడియారంలో సరిగ్గా రెండు.

కౌంటరు దగ్గరున్న సిస్టర్ పరుగున వచ్చి మంచం చుట్టూ ఉన్న కర్టెన్ పక్కకు లాగింది. "హార్ట్ ఎవరు పెట్టిండ్రు?" అంటూనే కొక్కేనికి ఉన్న బిళ్ళను చూసి ఆగిపోయింది. సైరన్ ఎంతసేపు మోగుతుందో దాదాపు అంతసేపు ఆ చప్పుడు వినిపించింది. తరువాత నెమ్మదించకుండా, ఒక్కసారిగా ఆగింది.

అన్న లేచి, "మల్లొకసారి చూడుండ్రి మేడం" అని, సిస్టర్ పిలిస్తే వచ్చిన డాక్టర్ గారికి చేతులు జోడించాడు. ఆమె వాదించలేదు. స్కానింగ్ యంత్రాన్ని మంచం దగ్గరికే తెప్పించి, తెరను రెండోసారి మావైపు తిప్పారు. అందరం ఆ ఒక్కచోటే చూశాం. ఆమె చాలాసేపు చేయి తీయలేదు. అక్కడ ఏదీ కదలలేదు.

చివరికి అన్నే, "సరే మేడం" అన్నాడు. వదిన కడుపు మీది జెల్లును తనే తుడిచాడు.

సాయంత్రం కాన్పు అయింది. ఆడపిల్ల. చెవులు అన్నవే. అన్న పాపను రెండు చేతుల మీదికి తీసుకుని, తల వంచి, పాప ఎద మీద చెవి పెట్టాడు. ఎవరూ వారించలేదు.

తరువాత నేను తెలుసుకోగలిగినంత తెలుసుకున్నాను. ఈ యంత్రాలు ఒక్కోసారి తల్లి నాడిని బిడ్డ గుండెగా పొరబడతాయి. కాని అందుకు బిళ్ళ ఒంటి మీద ఉండాలి. నాడి చూడటానికి వదిన వేలికి పెట్టిన క్లిప్పు అప్పుడు చూపిన అంకె కూడా వేరు. యంత్రం పరీక్ష కోసం తనలోనే వినిపించే చప్పుడు ఒకటి ఉంటుందని రిపేరు చేసే టెక్నీషియన్ చెప్పాడు. అది ఒకే వేగంతో ఉంటుంది, మీట నొక్కితేనే వస్తుంది. ఎవరూ నొక్కలేదు. అతను అంతా విప్పి చూసి, "మెషిన్ మంచిగనే ఉంది మేడం" అన్నాడు. దుఃఖంలో మేము ముగ్గురం భ్రమపడ్డామని అనుకుందామన్నా, కౌంటరులో ఉన్న సిస్టర్ అక్కడి తెర మీద అంకె చూసే వచ్చింది.

ఇంతకు మించి నాకు తెలియదు. నా చదువుతో దీనికి కారణం చెప్పలేకపోతున్నాను.

ఆ తరువాత మేము కిష్టారెడ్డిపేటకు ఇల్లు మారాం. అక్కడికి సైరన్ వినిపించదు. అన్న సాయంత్రం ముగిసే జనరల్ షిఫ్టుకు మారాడు. పళ్ళెం బోర్లించి ఆ చప్పుడు చేసి చూపమని మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు.