గల్లీ తోసిన ఫియట్

గౌలిపురాలో విఠల్‌రావు ఉండే గల్లీలో ఆడపిల్ల పెళ్లంటే తాళిబొట్టు ఎంత ముఖ్యమో, అప్పగింతలప్పుడు విఠల్‌రావు ఫియట్ కూడా అంతే ముఖ్యం. మగపెళ్లివారు ఎంత పెద్ద కారు తెచ్చినా అది గల్లీ మూల మీద ఆగాల్సిందే. పిల్ల మాత్రం తన ఇంటి ముందర ఫియట్ ఎక్కాలి. ఇంజను ఆపి ఉండాలి. అన్నదమ్ములూ, మేనమామలూ, కూరగాయలమ్మే ఆగమ్మతో సహా చెయ్యి ఖాళీగా ఉన్న ప్రతివాళ్లూ దాన్ని మూల దాకా తోయాలి. అక్కడ విఠల్‌రావు తాళం తిప్పుతాడు. ఇంజను గుర్రుమనగానే, అప్పటిదాకా బిగబట్టుకున్న పెళ్లికూతురి తల్లి ఘొల్లుమంటుంది. మగపెళ్లివారి కారు వెనకే ఫియట్ పిల్లను అత్తారింట దింపి వస్తుంది.

ఈ ఆచారం ఏ శాస్త్రంలోనూ లేదు. విఠల్‌రావు నయాపూల్ దగ్గర కోర్టులో గుమస్తాగా చేరిన కొత్తలో అతనికి పెళ్లయింది. వాళ్ల నాన్న ఓ వకీలు దగ్గర పాతది కొన్న ఆ ఫియట్‌లోనే గోదాను కాపురానికి తెస్తున్నారు. అది సరిగ్గా గల్లీ మూల మీద మొరాయించింది. ఇంటి ముందు హారతి పళ్లెంతో అత్తగారు, కారులో చెమటలు పట్టిన కొత్తకోడలు. గల్లీ వాళ్లు నవ్వుకుంటూ తలా ఓ చెయ్యివేసి ఇంటిదాకా తోసుకొచ్చారు. అపశకునమని ఎవరో గొణిగితే, "ఇంతమంది చేతులు పడ్డ పిల్ల, దీనికేం తక్కువ" అని అత్తగారు ఒక్కమాటతో నోరు మూయించింది. గోదా కాపురం చల్లగా సాగడం చూసిన తల్లులు, వెళ్లిపోయే తమ పిల్లలకూ ఆ చేతులు కావాలన్నారు. అట్లా మొదలైంది.

ఇప్పుడు ఎదురింటి స్ఫూర్తి పెళ్లి. చిన్నప్పుడు ఆ పిల్లకు ఫియట్ వెనక సీటే బొమ్మరిల్లు. "తాతా, నేను గూడ దీంట్లనే పోత" అనేది. "నిన్ను గాక ఇంకెవ్వలను సాగనంపుత" అని విఠల్‌రావు మాటిచ్చాడు. తీరా లగ్నపత్రిక రాసుకున్నాక ఫియట్ ఇంజనులో టకటక మొదలైంది.

పెద్ద గ్యారేజీలో చూపిస్తే అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. ఇంజను మొత్తం విప్పాలట, లోపల అరిగిపోయిందట, సామాను దొరకడం కష్టమట. అయ్యే ఖర్చుకు ఇంతకంటే మంచి కారే వస్తుందట. విఠల్‌రావుకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి గ్యారేజీ వాళ్లను ఏడు తరాలు తిట్టిపోశాడు.

"ఇంకొకలకు చూపియ్యరాదా" అంది గోదా.

ఇంకొకరంటే ఆయనకు ఒక్కడే. కార్వాన్‌లో మెకానిక్ ఖదీర్ భాయ్. ఫియట్‌కు జలుబు చేసినా జ్వరమొచ్చినా ఆయన దగ్గరికే వెళ్లేది. ఖదీర్ భాయ్ కూతురు అత్తారింటికి వెళ్లింది కూడా ఈ ఫియట్‌లోనే. ఆరోజు వాళ్ల మొహల్లా అంతా తోసింది. నిజం చెప్పొద్దూ, విఠల్‌రావు రెండో సలహా కోసం పోలేదు. తన సలహానే ఇంకొకరి నోట వినడానికి పోయాడు.

పురానాపూల్ మీదుగా మెల్లగా నడుపుకుంటూ చేరేసరికి ఖదీర్ భాయ్ షెడ్డు ముందు చాయ్ తాగుతున్నాడు. షెడ్డులో ఇప్పుడు కొడుకులు స్కూటర్లు బాగుచేస్తున్నారు. ఒకప్పుడు ఫియట్ మలుపు తిరుగుతుంటేనే చప్పుడు విని లేచి నిలబడే మనిషి, ఇవాళ కారు వచ్చి మోకాళ్లకు తగిలేదాకా తలెత్తలేదు. చెవులు పోయాయి. విఠల్‌రావు అరిచి చెప్పాల్సి వచ్చింది. గుట్టుగా అడుగుదామనుకున్న సంగతి సగం కార్వాన్ వినేసింది.

ఖదీర్ భాయ్ పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. పూర్వం దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని వినేవాడు. ఈసారి మిగిలిన నాలుగు పళ్ల మధ్య పిడిని కరిచిపట్టి కళ్లు మూసుకున్నాడు. చెవికి అందని చప్పుడు దవడ ఎముకకు అందుతుందట. విఠల్‌రావు ఆ ముఖాన్నే చూశాడు. కాసేపటికి ఖదీర్ భాయ్ ఇంజను ఆపమని సైగ చేసి, పిడిని లుంగీతో తుడిచాడు.

"గ్యారేజోళ్లు సచ్ చెప్పిండ్రు, రావుసాబ్."

"నువ్వు గూడ గిదే మాటంటవా, భాయ్?"

"మీ మనసుల మాట వినాల్నంటే మీ ఇంట్ల అద్దం లేదా? నా దాకా ఎందుకొచ్చిండ్రు. నడిపితే నడిరోడ్డు మీద పట్టేస్తది. పెండ్లిపిల్లను కూసోబెట్టుకొని నడుపుతరా?"

విఠల్‌రావు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. "పిల్లకు మాటిచ్చిన, భాయ్" అన్నాడు. అరవడం మరిచిపోయాడు గానీ, ఖదీర్ భాయ్‌కి పెదవులు చూస్తేనే అర్థమైంది.

"మీ గల్లీల బండిని నడిపేది ఇంజనా?" అన్నాడు ఖదీర్ భాయ్. "తోసేతందుకు నేను గూడ వస్త. ఫికర్ జెయ్యకుండ్రి."

అన్నట్టుగానే అప్పగింతల నాడు ఇస్త్రీ షేర్వాణీ వేసుకొని వచ్చి, ఆగమ్మ పక్కన నిలబడి డిక్కీ మీద చేతులు పెట్టాడు. ఫియట్ కదిలింది. స్టీరింగు ముందు విఠల్‌రావు, వెనక సీట్లో స్ఫూర్తి. మూల మీదికి రాగానే విఠల్‌రావు చెయ్యి అలవాటు కొద్దీ తాళం దగ్గరికి పోయి ఆగింది. స్ఫూర్తి తల్లి ఇంజను చప్పుడు కోసమే చూస్తోంది. చప్పుడు రాలేదు. "తాతా, మాట నిలబెట్టుకున్నవ్" అని స్ఫూర్తి దిగి, బానెట్ మీద చెయ్యేసి దండం పెట్టింది. అది చూసి తల్లి ఘొల్లుమంది. పిల్ల మగపెళ్లివారి కారెక్కి వెళ్లిపోయింది.

ఇక ఫియట్‌ను ఇంటికి చేర్చాలి. అందరూ కలిసి దాన్ని వెనక్కి తిప్పారు. ఖదీర్ భాయ్ వెనక తలుపు తీసి, "భాభీ, ఎక్కుండ్రి" అన్నాడు. నేనెందుకని గోదా సిగ్గుపడింది. ఆగమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

సగం దూరం వచ్చాక విఠల్‌రావు అద్దంలో చూస్తే గోదా కళ్లు తుడుచుకుంటోంది.

"ఏందే?"

"మా అమ్మ ఇల్లు ఇడిసి వచ్చిన్నాడు ఏడ్వనీకె తీరలె. మీ గల్లీవోళ్లు నవ్వుకుంట తోస్తుంటే నాకు గూడ నవ్వొచ్చింది. ఆ ఏడుపు గిప్పుడు తీరింది."

బండి ఇంటి ముందు ఆగింది. ఇద్దరిలో ఎవరూ దిగలేదు. వెనకనున్నవాళ్లు కూడా చేతులు తియ్యలేదు.